చిన్న చోట ఐస్ హాకీ సాధన: దాడికి ఏ ఆట, రక్షణకు ఏ ఆట?

పన్నెండు మంది పిల్లలు, ఒక్క పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ). ఈల వేసిన పది క్షణాలకల్లా పన్నెండు మందీ దాని చుట్టూ చేరతారు, బెల్లం ముక్క కనిపించిన చీమల్లా. స్టిక్కులు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. పక్ మాత్రం అంగుళం కదలదు. బయట నిలబడ్డ తల్లిదండ్రులు "పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు" అని అరుస్తుంటారు. ఇవ్వడానికి అవతల ఎవరున్నారు? అందరూ ఇక్కడే ఉన్నారు కదా.

హైదరాబాద్‌లో ఈ ఆట నేర్పే ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే. పూర్తి కొలతల మంచు రింకు మనకు లేదు. లోయర్ ట్యాంక్‌బండ్‌లో స్నో వరల్డ్ 2004 నుంచి ఉన్నా అది మంచులో సరదాగా గడపడానికి కట్టినది, హాకీ ఆడడానికి కాదు. మన పిల్లలు హాకీ మొదలుపెట్టేది చక్రాల మీద: ఇందిరా పార్కులో ఉన్నటువంటి స్కేటింగ్ రింకుల్లో, బడి బాస్కెట్‌బాల్ కోర్టుల్లో, వాన పడితే అపార్ట్‌మెంటు సెల్లారుల్లో. కాబట్టి మనం చిన్న చోటు ఆటలనే నమ్ముకోవాలి. ఇది లేనివాళ్ళ సర్దుబాటు మాత్రమే అనుకోకండి. మంచుకు కొదవ లేని అమెరికాలోనే అక్కడి హాకీ సంఘం 2009లో తెచ్చిన శిక్షణ పద్ధతిలో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను రింకు పొడవునా కాకుండా అడ్డంగా, చిన్న భాగాల్లో ఆడిస్తున్నారు.

చిక్కు ఎక్కడంటే, ఇలాంటి ఆటలు పదుల సంఖ్యలో ఉన్నాయి. వీడియోలో చూస్తే ప్రతిదీ బాగానే ఉంటుంది. పిల్లలు ప్రతి దాంట్లోనూ నవ్వుతూనే కనిపిస్తారు. నేను చాలాకాలం వాళ్ళకు ఏది సరదాగా ఉంటే అది ఆడించాను. ఇప్పుడు ఎంచుకునే తీరు మార్చుకున్నాను. ముందు లోపం చూస్తాను, తర్వాత ఆ లోపం ఉన్న పిల్లవాడు తప్పించుకోలేని ఆట వెతుకుతాను. కింద పోల్చిన ఆరు ఆటలనూ ఆ కళ్ళతోనే చూశాను.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

పక్ లేనివాడు ఏం చేయక తప్పదు? మంచు మీద మ్యాచ్‌లో గోలీలను (గోలు కాచేవాళ్ళను) పక్కన పెడితే జట్టుకు అయిదుగురు. పక్ ఒకరి దగ్గరే ఉంటుంది. అంటే ఏ క్షణంలో చూసినా పదిమందిలో కనీసం తొమ్మిది మంది దగ్గర పక్ లేదు. దాడిలో ఖాళీ చూసుకోవడం, రక్షణలో మనిషిని కాచుకోవడం ఈ తొమ్మిది మంది పని. పక్ పట్టుకున్నవాడికి మాత్రమే పని పెట్టే ఆట ఎంత హుషారుగా సాగినా మన అవసరానికి పనికిరాదు.

నియమం ఎవరి వైపు మొగ్గుతోంది? ప్రతి చిన్న ఆటా ఒక పక్షానికి అనుకూలంగా ఉంటుంది. ఇరుకు చోట ఇద్దరికి ఇద్దరిని పెడితే రక్షణకు సులువు. పక్కన సాయానికి మనుషులను నిలబెడితే దాడికి సులువు. ఇది గమనించకపోతే తప్పు లేని పిల్లవాడిని కేకలేస్తాం. నేనూ వేశాను.

ఎంతమంది ఆడుతున్నారు, ఎంతమంది చూస్తున్నారు? లెక్క వేసి చూడండి. పన్నెండు మంది ఉన్నారు, ఒకే చోట ఇద్దరికి ఇద్దరు. ఒక్కో విడత నలభై క్షణాలు (సెకన్లు) అనుకుంటే ప్రతి పిల్లవాడూ నలభై క్షణాలు ఆడి ఎనభై క్షణాలు కూర్చుంటాడు. అరగంటలో వాడి వాటా పది నిమిషాలు. ముగ్గురికి ముగ్గురైతే పదిహేను నిమిషాలు వస్తాయి గాని, పక్ తగిలే అవకాశం అంతమందికీ పంచుకోవాలి. ఆడినంతసేపు ప్రాణం పెట్టి ఆడాలంటే ఒకటికి రెండు వంతుల విశ్రాంతి మంచిదే. పెద్ద పిల్లలకు నేను దాన్ని తగ్గించను. ఏడెనిమిదేళ్ళవాళ్ళు మాత్రం ఎనభై క్షణాలు కుదురుగా కూర్చోరు. మొదటి ముప్పై క్షణాల్లో ఒకడి హెల్మెట్ ఇంకొకడి నెత్తిన ఉంటుంది.

చోటు, నేల, గోలీ. అంతర్జాతీయ రింకు పొడవు 60 మీటర్లు, వెడల్పు 26 నుంచి 30 మీటర్లు. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు. అంటే రింకులో దాదాపు పావు వంతు. చిన్న ఆటకు అది చక్కని కొలత. లేనిది చుట్టూ బోర్డు. పక్ బయటికి పోయిన ప్రతిసారీ ఆట ఆగుతుంది. బల్లలు అడ్డంగా పడుకోబెట్టినా, పొడవాటి చెక్కలు పేర్చినా సగం బాధ తీరుతుంది. గరుకు సిమెంటు మీద మంచు పక్ జారదు, అంచు మీద లేచి దొర్లిపోతుంది. చక్రాల హాకీకి వేరే తేలికపాటి పక్కులు దొరుకుతాయి. నేల మరీ గరుకైతే బంతే నయం.

మంచు మీదికి ఎంత వెళ్తుంది? ఇన్‌లైన్ హాకీలో, అంటే చక్రాల స్కేట్ల మీద ఆడేదాంట్లో, జట్టుకు నలుగురు, గోలీ అదనం. నీలి గీత దగ్గర ఆఫ్‌సైడ్ ఉండదు; మంచు మీదైతే దాడికి వెళ్ళేవాడు పక్ కంటే ముందు ఆ గీత దాటకూడదు. పైగా మంచు మీద బ్లేడు అడ్డం తిప్పితే ఉన్నచోట ఆగినట్లు చక్రాల మీద ఆగలేం. అందుకే చక్రాల మీద డిఫెండర్ తెలియకుండానే ఒక అడుగు ఎక్కువ దూరం ఉంచుకుంటాడు. మంచు మీదికి వెళ్ళాక అదే దూరం పాటిస్తే ఎదుటివాడికి షాట్ కొట్టే వీలు అప్పనంగా ఇచ్చినట్టే. ఆటగాళ్ళ మధ్య దూరాలు మారతాయి. గోలుకూ మనిషికీ మధ్య నిలబడటం, పాస్ దారిలో స్టిక్ పెట్టడం, భుజం మీదుగా వెనక్కి చూసుకోవడం మాత్రం మారవు. వీటిని బూట్లు వేసుకుని సెల్లారులో కూడా నేర్పవచ్చు.

## ఆరు ఆటలు

### 1. అడ్డంగా, ఇద్దరికి ఇద్దరు

అందరికీ తెలిసినదే. రెండు చివరల రెండు గోళ్ళు (గోల్‌పోస్టులు), మధ్యలో నలుగురు. నలుగురే కాబట్టి దాక్కునే చోటు లేదు, ఎవరి తప్పు వాళ్ళది. కాని నేర్పుతుందా అంటే అంతంతమాత్రం. గట్టిగా స్కేటింగ్ చేసే ఒక్క పిల్లవాడు ఉంటే చాలు, అతను పాస్ అవసరమే లేకుండా నలుగురి ఆట తానే ఆడేస్తాడు. లోపాలు కనిపెట్టడానికి దీన్ని వాడతాను. మొదటి రోజు అయిదు నిమిషాలు ఆడించి పక్ లేని పిల్లవాడు ఎటు చూస్తున్నాడో గమనిస్తే తర్వాత ఏ ఆట కావాలో తెలుస్తుంది.

### 2. ద్వారాల ఆట

గోలీ లేదు, గోలు లేదు. కోన్‌లతో మీటరున్నర వెడల్పు ద్వారాలు అయిదు, అక్కడక్కడ. ద్వారం గుండా తోటివాడికి పాస్ అందిస్తే ఒక పాయింటు. వెంటవెంటనే రెండుసార్లు ఒకే ద్వారం వాడకూడదు.

చీమల గుంపును చెదరగొట్టడానికి దీనికి మించినది నేను చూడలేదు. ద్వారానికి అవతల ఒకడు ఉంటేనే పాయింటు కాబట్టి పక్ లేనివాడు దూరం వెళ్ళక తప్పదు. రక్షించేవాళ్ళు కూడా ఒకచోట కాపు కాయలేరు, ద్వారాలు అయిదు, వాళ్ళు ముగ్గురు. నష్టం ఏమిటంటే షాట్ లేదు. నెలల తరబడి ఇదే ఆడిన పిల్లలు గోలు ఎదుట ఖాళీగా ఉండి కూడా పాస్ వెతుకుతారు. మొదటి రెండు నెలలకు దీన్ని వాడి తర్వాత తగ్గించేయండి.

### 3. జోకర్ల ఆట

రమ్మీలో జోకర్ ఎవరి చేతిలో ఉంటే వారి ముక్కే. ఇక్కడా అంతే. లోపల ఇద్దరికి ఇద్దరు లేదా ముగ్గురికి ముగ్గురు, అంచుల వెంబడి ఇద్దరో నలుగురో జోకర్లు. పక్ ఏ జట్టు దగ్గర ఉంటే జోకర్లు ఆ జట్టువాళ్ళు. లోపలికి రారు, గోలు కొట్టరు. ఇచ్చిన పాస్ తిరిగి ఇవ్వడమే వాళ్ళ పని. పన్నెండు మందిలో ఎనిమిది మందికి ఒకేసారి పని దొరుకుతుంది.

దాడిలో చోటు చూసుకోవడం నేర్పడానికి ఒక్కటే ఆట ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. జోకర్‌కు పాస్ ఇచ్చినవాడు ఆ క్షణంలో ఖాళీ. అతణ్ణి కాస్తున్న డిఫెండర్ కళ్ళు పక్ వెంట జోకర్ వైపు తిరుగుతాయి. సరిగ్గా అప్పుడు ఆ డిఫెండర్ వీపు వెనుకకు జారుకోవాలి. చెప్తే అర్థం కాని సంగతి ఆడితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. డిఫెండర్‌కూ అదే పాఠం తిరగవేసి దొరుకుతుంది: పాస్ వెంట చూపు పంపు, మనిషిని మాత్రం వదలకు.

అయితే ఈ ఆటతో నేను దెబ్బ తిన్నాను. ఒక నెల పాటు వారానికి మూడు రోజులు ఇదే ఆడించాను. సాధనలో పాసులు అందంగా సాగేవి, నేనూ మురిసిపోయాను. తర్వాత ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో మా పిల్లలు వత్తిడి రాగానే అంచు వైపు పాస్ కొట్టడం మొదలుపెట్టారు. అక్కడ ఎవరూ లేరు. జోకర్ ఉండే చోటు కదా అని వాళ్ళ చేతులు అలవాటుగా కొట్టేశాయి. ఆట నేర్పిన పాఠంతో పాటు ఆటలోని అబద్ధాన్ని కూడా నేర్చుకున్నారన్నమాట.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. ఒకటి: జోకర్ ఒకచోట నిలబడడు, అంచు వెంట అటూ ఇటూ కదులుతూ ఉంటాడు. చూడకుండా కొట్టిన పాస్ వృథా అవుతుంది. రెండు: పాస్ ఇచ్చినవాడు నిలబడిపోతే జోకర్ అతనికి తిరిగి ఇవ్వకూడదు, కదిలినవాడికే ఇవ్వాలి. ఈ రెండో నియమంతో జోకరే తీర్పరి అవుతాడు. నేను నోరు నొప్పెట్టేలా అరిచే పని తప్పింది.

ఆ రోజుల్లోనే ఒక పదకొండేళ్ళ అమ్మాయి, జట్టులో అందరికంటే నెమ్మదిగా స్కేటింగ్ చేసేది, నా దగ్గరకు వచ్చి "సార్, నేను వేగంగా వెళ్ళలేను కదా, వాళ్ళు వెళ్ళాక వెళ్తే తప్పా?" అని అడిగింది. తప్పు కాదమ్మా, అదే కావాలి అన్నాను. గోలు ముందుకు అందరికంటే ముందు వెళ్ళి నిలబడితే డిఫెండర్ వచ్చి పక్కన చేరతాడు. ఆలస్యంగా వెళ్ళేవారిని ఎవరూ పట్టించుకోరు. ఆ వారం ఎక్కువ గోళ్ళు కొట్టింది ఆమే.

### 4. వీపులు కలిపిన గోళ్ళు

రెండు గోళ్ళను చోటు మధ్యలో ఒకదాని వీపు ఒకటి ఆనించినట్లు, మీటరో రెండు మీటర్లో ఎడంతో పెడతారు. ఒకటి తూర్పు చూస్తుంది, ఒకటి పడమర చూస్తుంది. ముగ్గురికి ముగ్గురు. మీ గోలు ముందు పక్ గెలిచారంటే, ఎదుటివారి గోలు చేరడానికి చుట్టూ తిరిగి రావాలి, లేదా అవతల ముందే చేరినవాడికి వెనకనుంచి పాస్ ఇవ్వాలి.

మంచు మీద ఆటలో గోలు వెనుక నుంచి వచ్చే పాస్ ప్రమాదకరం. గోలీ మెడ తిప్పి వెనక్కి చూస్తుంటాడు, డిఫెండర్ పక్ వైపు తిరిగి తన మనిషిని మరిచిపోతాడు, ఆ మనిషి స్టిక్ నేలకు ఆనించి ముందు నిలబడి ఉంటాడు. ఈ ఆటలో అలాంటి సందర్భం ప్రతి అరనిమిషానికీ వస్తుంది. భుజం మీదుగా వెనక్కి చూడని డిఫెండర్‌కు ఇది మందు. కాస్త చేదుగా ఉంటుంది, మొదటి రోజు గోళ్ళు వరుసగా పడతాయి. కంగారు పడకండి.

జాగ్రత్త ఒకటి ఉంది. షాట్లు అన్నీ మధ్యకే వస్తాయి. గురి తప్పి పైకి లేచినది అవతలి గోలు ముందు వీపు చూపించి నిలబడ్డవాళ్ళకు తగులుతుంది. అందుకే షాట్ మోకాలు దాటకూడదని గట్టిగా చెప్పాలి. మంచు పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు, గట్టి రబ్బరు. చిన్న పిల్లలతో బంతి వాడండి. గోలీలు ఇద్దరు కావాలి, ఇద్దరికీ తొడుగులు ఉండాలి. మన దగ్గర గోలీ తొడుగులు ఎంత అరుదో తెలిసినవాళ్ళకు ఇక్కడే సమస్య మొదలవుతుంది.

### 5. ఒకే గోలు, ముగ్గురికి ముగ్గురు

ఒక్క గోలు, ఒక్క గోలీ, రెండు జట్లూ అదే గోలు మీద దాడి. పక్ చేతులు మారగానే గెలిచిన జట్టు దాన్ని ముందుగా ఒక గీత దాటించాలి, తర్వాతే దాడి. వీధిలో ఒకే బుట్టతో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు.

చోటు సగం చాలు, గోలీ ఒకడు చాలు. నగరంలో దీన్ని మించి అనుకూలమైన ఆట లేదు. కాని దీని విలువ అనుకూలతలోనే లేదు. రక్షణలో ఉన్నవాడు పక్ గెలిచిన క్షణంలో దాడిలో ఉన్నట్టే. గుంపుగా ఉన్నవాళ్ళు విచ్చుకోవాలి. పోగొట్టుకున్నవాళ్ళు అంతే వేగంగా కుదించుకుని గోలు ముందరి చోటు మూయాలి. దాడిలో ముగ్గురు ఎప్పుడూ త్రికోణంగా ఉండాలి: ఒకడు పక్‌తో, ఒకడు అతనికి మూడు నాలుగు మీటర్ల దగ్గర సాయంగా, ఒకడు గోలు ముందరి ఖాళీలో. ఇద్దరు ఒకే గీత మీదికి వచ్చారంటే ఒకే డిఫెండర్ స్టిక్ ఇద్దరికీ అడ్డు. త్రికోణం చెదిరినప్పుడు ఒక్కసారి ఈల వేసి అందరినీ ఉన్నచోట ఆపి చూపించండి. రోజుకు రెండుసార్లు మించి ఆపకండి, పిల్లలకు విసుగు.

డిఫెండర్లకు ఇక్కడ మా చెడుగుడు బుద్ధి పనికొస్తుంది. కూతకు వచ్చినవాడి చేతులు చూస్తే మోసపోతాం, నడుము చూస్తే వాడెటు కదులుతాడో తెలుస్తుంది. హాకీలోనూ పక్ మీద చూపు పెడితే ఎదుటివాడి ప్రతి నాటకానికీ పడిపోతాం. ఛాతీ చూడాలి. గోలు ముందు నిలబడ్డ మనిషిని కాచేటప్పుడు తోయడం, పట్టుకోవడం వద్దు. అతని స్టిక్ కింద మన స్టిక్ పెట్టి పైకి లేపితే చాలు, పాస్ వచ్చినా తగలదు. నియమాల ప్రకారమూ తప్పు లేదు.

### 6. ఇద్దరి దాడి, ఒకరి కాపలా, వెంట ఒకరు

ఇద్దరు దాడికి బయలుదేరతారు, ఎదురుగా ఒక్క డిఫెండర్. దాడి చేసేవాళ్ళ వెనుక మూడు నాలుగు మీటర్ల దూరంలో వెంటాడేవాడు ఒకడు, వాళ్ళు పక్ తాకగానే అతను బయలుదేరాలి. షాట్ పడగానే, అది గోలైనా కాకపోయినా, అవతలి వైపు నుంచి కొత్త జంట బయలుదేరుతుంది. ఇప్పుడు షాట్ కొట్టినవాడే వెంటాడేవాడు.

రక్షణ నేర్పడానికి ఒక్క ఆట కావాలంటే ఇది. ముగ్గురికి మూడు వేరు వేరు పాఠాలు దొరుకుతాయి. దాడి చేసేవాళ్ళకు తొందర, వెనుక స్కేట్ల చప్పుడు వినిపిస్తుంటే పాస్ ఇవ్వాల్సిన సమయం దానంతట అదే తెలుస్తుంది. ఒంటరి డిఫెండర్‌కు ఓపిక: మధ్య దారిలో ఉండు, అడ్డ పాస్ మూయి, షాట్ గోలీకి వదిలెయ్, వెంటాడేవాడు వచ్చేదాకా కాలం గడుపు. పక్ మీదికి దూకావో, పాస్ నీ పక్క నుంచి పోతుంది. వెంటాడేవాడికి అన్నిటికంటే కష్టమైన పాఠం. పరుగెత్తుకుంటూ వచ్చే ప్రతి పిల్లవాడూ పక్ ఉన్నవాడి మీదికే పోతాడు. అతనికి ఎదుట డిఫెండర్ ఉన్నాడు, గోలీ ఉన్నాడు. రెండోవాణ్ణి పట్టుకోవాలి. ఈ ఒక్క మాట ఎక్కడానికి మా పిల్లలకు మూడు వారాలు పట్టింది.

లోపం: వరుసలో నిలబడే సమయం ఎక్కువ, పొడవు చోటు కావాలి. సెల్లారులో కుదరదు, స్తంభాలు మూడో డిఫెండర్‌లా అడ్డొస్తాయి. ఒకే దిశలో ముందే తెలిసిన దాడి కాబట్టి జోకర్ల ఆటలో ఉన్నంత ఆలోచన ఇక్కడ దాడికి ఉండదు.

మూలల్లో బోర్డు దగ్గర ఒకరికి ఒకరు పెనుగులాడే ఆటలు కూడా ఉన్నాయి. బోర్డు లేని చోట వాటికి అర్థం లేదు, పైగా అమెరికా సంఘం పన్నెండేళ్ళ లోపు బాలుర ఆటలోనే శరీరంతో ఢీకొట్టడాన్ని 2011లో తీసేసింది. మన సిమెంటు నేల మీద అసలు వద్దు.

## ఒక చూపులో

| ఆట | గోలీలు | చోటు | దాడికి | రక్షణకు | ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది |
|---|---|---|---|---|---|
| ఇద్దరికి ఇద్దరు | ఇద్దరు | పావు రింకు | ఓ మోస్తరు | ఓ మోస్తరు | బలమైనవాడు ఒక్కడే ఆడతాడు |
| ద్వారాలు | అక్కర్లేదు | ఏ చోటైనా | విచ్చుకోవడం బాగా | తక్కువ | షాట్ మరిచిపోతారు |
| జోకర్లు | ఇద్దరు | పావు రింకు | చాలా బాగా | బాగానే | అంచుకు గుడ్డిగా పాస్ |
| వీపులు కలిపిన గోళ్ళు | ఇద్దరు | పావు రింకు | బాగా | వెనుక చూపుకు చాలా బాగా | తగిలే ప్రమాదం |
| ఒకే గోలు | ఒకడు | పావు కంటే తక్కువైనా చాలు | బాగా | చాలా బాగా | గోలీకి ఊపిరాడదు |
| వెంటాడే ఆట | ఒకడు లేదా ఇద్దరు | పొడవు కావాలి | తొందర నేర్పుతుంది | అన్నిటికంటే బాగా | వరుసలో ఎదురుచూపు |

## మీరు ఎవరైతే ఏది

ఏడెనిమిదేళ్ళవాళ్ళు, స్కేట్ల మీద ఇప్పుడిప్పుడే నిలబడుతున్నవాళ్ళు. ద్వారాల ఆట, ఆ తర్వాత జోకర్లు. రక్షణ గురించి ఒక్క మాటే చెప్పండి: గోలుకూ మనిషికీ మధ్య ఉండు. మిగతావి తర్వాత.

బడి జట్టు, అన్ని వయసులవాళ్ళూ కలిసి. ఇక్కడ పెద్దవాడు ఆటను మింగేయకుండా చూడటమే సగం పని. జోకర్ల ఆటలో పెద్దవాళ్ళనే జోకర్లుగా పెట్టండి. వాళ్ళ పాసులు చక్కగా ఉంటాయి, చిన్నవాళ్ళకు పక్ దొరుకుతుంది. అలిగే పెద్ద పిల్లవాడు ఒకడు ఉంటాడు, వాడికి తీర్పరి పని ఇష్టమయ్యేలా చెప్పుకోవాలి.

గోలీ లేని బృందం. గోలుకు అడ్డంగా ఒక పట్టె పెట్టి, దాని కింద సందులోంచి పోతేనే గోలు అని పెట్టవచ్చు. ప్లాస్టిక్ పైపులతో చిన్న గోళ్ళు చేయించుకోవచ్చు. అసలు గోలు వెడల్పు 1.83 మీటర్లు, ఎత్తు 1.22 మీటర్లు. గోలీ లేనప్పుడు అందులో మూడో వంతు చాలు. అయితే ఒక మాట, ఖాళీ గోలుతో వెంటాడే ఆట ఆడించకండి. షాట్ గోలీకి వదిలెయ్ అనే పాఠం అక్కడ తలకిందులవుతుంది, డిఫెండర్ పక్ మీదికి దూకడం అలవాటు చేసుకుంటాడు.

శీతాకాలంలో లేహ్ వెళ్ళాలనుకునేవాళ్ళు. ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఐస్ హాకీ 2024లో అక్కడే జరిగింది. దేశంలో ఈ ఆటకు పట్టుగొమ్మ లద్దాఖే. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు, మన నగరం ఎత్తు 540 మీటర్ల చుట్టుపక్కల. అక్కడికి చేరాక మొదటి రోజుల్లో నలభై క్షణాల విడతలు ఊపిరి తీస్తాయి. ఇక్కడ ఉన్నప్పుడే ఇరవై అయిదు క్షణాల విడతలతో ఒకే గోలు ఆట, వెంటాడే ఆట సాధన చేయండి. ఇవి రెండే ఎందుకంటే మంచు మీద పనికొచ్చేది వీటిలోనే ఎక్కువ. నీలి గీత దగ్గర వేచి ఉండే అలవాటు చక్రాల మీద రాదు, నేల మీద సుద్దతో గీత గీసి అయినా వెంటాడే ఆటలో దాన్ని కలపండి: పక్ గీత దాటాకే తోటివాడు దాటాలి.

శనివారం సాయంత్రం ఆడుకునే ఉద్యోగులు. వీపులు కలిపిన గోళ్ళు. మీకు నవ్వూ ఆయాసమూ రెండూ కావాలి, ఇందులో రెండూ దొరుకుతాయి. షాట్ ఎత్తు నియమం పిల్లల కంటే మీకే ఎక్కువ అవసరం.

## ఆట మార్చకుండా మొగ్గు మార్చడం

ఆటకు ఆట మార్చుకుంటూ పోనక్కరలేదు. అదే ఆటలో ఒక నియమం కదిపితే చాలు. దాడి పిల్లలు వెనకబడితే గోలు ముందరి చోటును అడ్డంగా దాటి వచ్చిన పాస్‌తో పడిన గోలుకు రెండు పాయింట్లు ఇవ్వండి. రెండో రోజుకే గోలు దూరపు స్తంభం దగ్గర ఎవరో ఒకరు నిలబడటం కనిపిస్తుంది. రక్షణ వెనకబడితే పక్ గెలిచి వరుసగా మూడు పాసులు ఇచ్చిన జట్టుకు ఒక పాయింటు. కొట్టి వదిలించుకునే అలవాటు తగ్గుతుంది.

నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం స్టిక్ తిరగేసి పట్టుకోవడం. డిఫెండర్లు అందరూ బ్లేడు పైకి, పిడి కిందికి పట్టుకోవాలి. పక్ లాక్కునే ఆశ పోతుంది కాబట్టి కాళ్ళతో అడ్డు నిలబడక తప్పదు. అలా అయిదు నిమిషాలు ఆడించి స్టిక్ మామూలుగా పట్టుకోమనండి, పిల్లలు ఉన్న చోటే మారి ఉంటుంది. మొదటిసారి చేసినప్పుడు ఒక తండ్రి పక్క నుంచి "సార్, వాడు స్టిక్ తలకిందులు పట్టుకున్నాడు" అని అరిచారు. తప్పు దిద్దుతున్నానని ఆయన ఉద్దేశం.

వచ్చే ఆదివారానికి నా ప్రణాళిక ఇది. వేసవి కదా, ఆరున్నరకే మొదలు, ఎనిమిదింటికల్లా సిమెంటు కాలుతుంది. మొదటి అయిదు నిమిషాలు ఇద్దరికి ఇద్దరు, నేను మాట్లాడను, చూస్తాను. తర్వాత ఇరవై నిమిషాలు కదిలే జోకర్లు. పది నిమిషాలు నీళ్ళు, నీడ. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఒకే గోలు, అందులో అయిదు నిమిషాలు డిఫెండర్లకు తిరగేసిన స్టిక్కులు. చివరి పది నిమిషాలు ఏ నియమం లేని మామూలు ఆట. అప్పుడు ఈల జేబులో వేసుకుని ఒక్కటే లెక్కపెడతాను: పక్‌కు దూరంగా నిలబడి, స్టిక్ నేలకు ఆనించి, "ఇక్కడ ఉన్నాను" అని పిలిచినవాళ్ళు ఎందరు. పోయిన ఆదివారం నలుగురు. అందులో ఇద్దరు మన గోలు దగ్గరే నిలబడి పిలిచారనుకోండి, అది వేరే సంగతి.